నడుస్తున్న లైను మీద పరీక్షలా?

హౌరా నుంచి వచ్చే రైలుమార్గం ఖరగ్‌పూర్ దగ్గర చీలుతుంది. ఒక దారి ఒడిశా, ఆంధ్రప్రదేశ్ మీదుగా చెన్నైకి, మరొకటి నాగ్‌పూర్ మీదుగా ముంబైకి వెళ్తుంది. ఎక్స్‌ప్రెస్‌లు, లోకల్ రైళ్లు, గూడ్సు బండ్లు అన్నీ ఒకే యార్డులో దారులు మారాలి. 2017 నవంబరులో ఇక్కడి పాత రిలే వ్యవస్థ స్థానంలో 800 రూట్లను నియంత్రించే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థను అమర్చారు. రూటు అంటే ఒక సిగ్నల్ నుంచి మరో సిగ్నల్ దాకా బండికి ఇచ్చే దారి. ఒకే పట్టా మీదికి రెండు బండ్లను రానివ్వకుండా చూసేది ఇంటర్‌లాకింగ్. సారాంశంలో అది ఒక సాఫ్ట్‌వేర్.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను రైల్వేలో ముందు ఫ్యాక్టరీలోనే, యార్డును అనుకరించే ప్యానెల్ మీద పరీక్షిస్తారు. ఇవ్వాల్సిన దారి ఇస్తోందా అన్నదే కాదు, ఇవ్వకూడని దారిని నిరాకరిస్తోందా అన్నదీ చూస్తారు. తర్వాత స్టేషన్‌లో మరో విడత పరీక్షలు ఉంటాయి. పాయింటు తిరిగిందని ప్యానెల్ చూపిస్తే, బయట అది నిజంగా తిరిగిందో లేదో మనిషి వెళ్లి చూసుకోవాలి. అంతా సరిపోయాకే రైళ్లను వదులుతారు.

వెబ్‌సైట్ల విషయంలో ఈ పట్టింపు కనిపించదు. పరీక్షా ఫలితాలు, ఉపకారవేతనాల దరఖాస్తులు, ఆస్తి పన్ను, ఆసుపత్రి అపాయింట్‌మెంటు అన్నీ వెబ్‌సైట్ల మీదికి వచ్చేశాయి. అయినా వాటిలో చాలావాటికి మొదటి నిజమైన పరీక్ష ప్రారంభోత్సవం రోజునే జరుగుతుంది. వెబ్‌సైటు ఆగితే ప్రాణాలు పోవు కదా అనవచ్చు. పోవు. కానీ దరఖాస్తుకు ఆఖరి రోజు సాయంత్రం పేజీ తెరుచుకోకపోతే ఒక విద్యార్థికి ఏడాది పోతుంది. ఆ నష్టం ఏ లెక్కలోనూ నమోదు కాదు గనుకే దానికి విలువ లేకుండా పోయింది.

ఎక్కడ కట్టాలి, ఎక్కడ పరీక్షించాలి అన్న ప్రశ్నకు తేలికైన జవాబు, కట్టేవాళ్ల సొంత ల్యాప్‌టాప్. 127.0.0.1 అనే చిరునామాకు పంపిన సమాచారం ఆ కంప్యూటర్ గడప దాటదు. దాని పేరే లోకల్‌హోస్ట్. ఖర్చు లేదు, బయటివాళ్ల కంట పడదు. మొదటి అడుగుకు ఇంతకన్నా మంచి చోటు లేదు. అయితే ల్యాప్‌టాప్ రెండు విషయాల్లో మోసం చేస్తుంది. విండోస్ మామూలుగా ఫైలు పేర్లలో ఆంగ్ల పెద్దబడి, చిన్నబడి అక్షరాలను ఒకటిగానే చూస్తుంది, లినక్స్ వేరువేరుగా చూస్తుంది. సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్‌వే. ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన బొమ్మ సర్వర్ ఎక్కగానే మాయమవడానికి ఒక్కోసారి కారణం ఇంతే.

రెండో మోసం దూరానిది. లోకల్‌హోస్ట్‌కు దూరం సున్నా. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. సర్వర్ 2,000 కిలోమీటర్ల అవతల ఉంటే ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి కనీసం 20 మిల్లీసెకన్లు పడుతుంది. 12,000 కిలోమీటర్ల అవతల ఉంటే 120. ఒకదాని తర్వాత ఒకటిగా 40 సార్లు సర్వర్‌ను అడిగే పేజీకి మొదటి సందర్భంలో 0.8 సెకను, రెండో సందర్భంలో 4.8 సెకన్లు దారిలోనే పోతాయి. ఎంత ఖరీదైన సర్వర్ కొన్నా కాంతి వేగం పెరగదు. ల్యాప్‌టాప్ మీద ఈ జాప్యం కనిపించనే కనిపించదు.

పరీక్షాస్థలానికి పెట్టే పేరులోనూ చిక్కు ఉంది. 1999 జూన్‌లోనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2606, పరీక్షల కోసం డాట్ టెస్ట్‌ను, పుస్తకాల్లో ఉదాహరణల కోసం డాట్ ఎగ్జాంపుల్‌ను పక్కన పెట్టింది. వాటిని ఎవరూ కొనలేరు. కానీ చాలామంది డెవలపర్లు వినడానికి బాగుందని సొంత కంప్యూటర్లలో డాట్ డెవ్ వాడుతూ వచ్చారు. ఆ కొస గూగుల్ చేతికి వెళ్లింది. 2017 డిసెంబరులో వచ్చిన క్రోమ్ 63, డాట్ డెవ్ పేర్లన్నీ హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరుచుకోవాలని పట్టుబట్టేసరికి, నిన్నటిదాకా పనిచేసిన పరీక్షా సైట్లు ఒక్కసారిగా తెరుచుకోవడం మానేశాయి. ఉచితంగా కేటాయించిన స్థలం ఉండగా ఇతరుల స్థలంలో పాక వేసుకున్నట్టయింది.

అసలు సమస్య మాత్రం అసలు సైటులోనే ఒక మూల ఫోల్డరు తెరిచి, అక్కడ కొత్త సైటు కట్టడం. చిన్న కార్యాలయాల్లో ఇది మామూలే. ఎవరికీ లింకు ఇవ్వలేదు కాబట్టి ఎవరికీ తెలియదనుకుంటారు. లింకు ఎక్కడో ఒకచోట బయటపడితే చాలు, సెర్చ్ ఇంజన్లు వచ్చేస్తాయి. రోబోట్స్ ఫైలులో రావద్దని రాస్తే మర్యాదస్తులు ఆగుతారు. అది బోర్డే గాని తాళం కాదు. పాస్‌వర్డ్ పెట్టడమే దారి. దీనికి తలకిందులైన పొరపాటూ ఉంది. పరీక్ష దశలో సెర్చ్‌కు కనపడవద్దని పెట్టిన ఆదేశాన్ని తీయకుండానే సైటును ప్రారంభిస్తారు, తర్వాత గూగుల్‌లో రావడం లేదేమని నెలల తరబడి వెతుక్కుంటారు. ఇక డేటాబేసు రెండింటికీ ఒకటే అయితే, పరీక్ష కోసం నొక్కిన ఒక బటన్ నిజమైన దరఖాస్తుదారులకు నిజమైన ఎస్సెమ్మెస్‌లు పంపుతుంది.

కాబట్టి కావలసింది వేరే సర్వర్. అసలు సర్వర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్లే, అవే వెర్షన్లు, అవే అమరికలు ఉండాలి. తాళం ఉండాలి. ప్రజల అసలు వివరాలు మాత్రం ఉండకూడదు, కల్పిత వివరాలే వాడాలి. పరీక్షా సర్వర్‌కు కాపలా తక్కువ. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక కూడా పౌరుల పేర్లు, ఫోన్ నంబర్లు తెచ్చి అందులో పెట్టడానికి సాకు లేదు.

ప్రారంభం అయ్యాక ఆ సర్వర్‌తో పనేముంది అనే వాదన వినిపిస్తుంది. అదే అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. 2023 జూన్ 2న ఇదే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బహనగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్లోకి మళ్లి, ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొట్టింది. 290 మందికి పైగా చనిపోయారు. అంతకుముందు సిగ్నల్ సర్క్యూట్‌లో చేసిన మార్పుల్లో, లెవెల్ క్రాసింగ్ గేటు మార్పిడి పనుల్లో జరిగిన లోపాలే కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. సిగ్నల్ మెయిన్ లైనుకు పచ్చ చూపింది, పాయింటు లూప్ లైనుకు ఉంది. ఆ విషాదాన్ని ఒక వెబ్‌సైటు వైఫల్యంతో పోల్చడం తగదు. కానీ తప్పు పుట్టిన తీరు సాఫ్ట్‌వేర్ వాళ్లకు బాగా తెలిసినదే. వ్యవస్థ ఎప్పటినుంచో నడుస్తున్నదే, దెబ్బతీసింది మధ్యలో చేసిన మార్పు.

భాష కూడా పరీక్షాస్థలంలో భాగమే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాయి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషగా గుర్తింపునిచ్చింది. అయితే ఇంగ్లిషు అక్షరాల కొలతతో గీసిన గడిలో తెలుగు పెడితే కింది వత్తులు తెగిపోతాయి, బటన్ మీది మాట రెండో వరుసకు జారుతుంది. ఇంతకన్నా పెద్దదీ జరిగింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరిన రూపం తెరపైకి రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేయాల్సి వచ్చింది. అంతటి సంస్థకే తప్పనప్పుడు, తెలుగు పేజీని తెలుగు చదివేవారి చేతిలో, చవక ఫోన్‌లో, బలహీనమైన సిగ్నల్‌లో చూడకుండా వదలడం తెగింపే.

డబ్బు మాటేమిటి? పరీక్షా సర్వర్ ఏడాదంతా వెలగనక్కర్లేదు, క్లౌడ్‌లో గంటల లెక్కన అద్దెకు దొరుకుతుంది. లక్షల మంది ఒకేసారి వస్తే తట్టుకుంటుందా అని చూసే పరీక్షకు ఖర్చవుతుందన్నది నిజమే. 2013 అక్టోబరు 1న ప్రారంభమైన అమెరికా ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్‌ను మొత్తంగా కలిపి పరీక్షించడం చివరి రెండు వారాల్లోనే జరిగిందని కాంట్రాక్టర్లే కాంగ్రెస్‌కు చెప్పారు. తొలిరోజు నమోదు పూర్తిచేసుకోగలిగింది ఆరుగురు. నకలు ఎంత పక్కాగా ఉన్నా అసలు కాదన్నదీ నిజమే. అందుకు ఐఐటీ ఖరగ్‌పూర్ ఒక మార్గం చూపింది. అక్కడ తయారైన నేషనల్ డిజిటల్ లైబ్రరీ 2018 జూన్ 19న జాతికి అంకితమయ్యేలోపు కొన్నేళ్లు పైలట్ ప్రాజెక్టుగా, ఆ సంగతి చెప్పుకునే, పాఠకుల మధ్య నడిచింది.

ప్రభుత్వ సైట్లకు ప్రారంభానికి ముందు సర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న సంస్థలతో భద్రతా ఆడిట్ చేయిస్తారు. అది మంచిదే. కానీ ఆడిట్ జరిగిన నకలుకూ, జనం ముందుకు వచ్చిన సైటుకూ తేడా ఉంటే ఆ సర్టిఫికెట్ మరో సైటుకు ఇచ్చినట్టే. టెండర్లలో హోమ్ పేజీ రంగుల దాకా రాస్తున్నారు. పరీక్షా సర్వర్ ఎన్నేళ్లు ఉండాలి, అందులో చూడకుండా అసలు సైటులో మార్పు చేస్తే సంతకం ఎవరిది అన్నవి కూడా రాయాలి. సిగ్నల్ గేరు విప్పే ముందు స్టేషన్ మాస్టరుకు డిస్కనెక్షన్ మెమో ఇవ్వాలని, పరీక్షించాకే రీకనెక్షన్ మెమో ఇవ్వాలని రైల్వేలో నిబంధన ఉంది. అందుకయ్యేది ఒక కాగితం, రెండు సంతకాలు.