మన గుట్టలు మెట్లు మెట్లుగా ఎందుకున్నయి?



హాస్టల్లో ఉన్నప్పుడు "దక్కన్ ట్రాప్స్, బసాల్ట్" అని మేం బట్టీ పట్టినం. పుస్తకంలో పశ్చిమ కనుమల బొమ్మ ఉండేది. కెరమెరి ఘాట్ ఎక్కుతుంటే కనిపించే నల్లరాయి కూడా అదేనని మాకెవరూ చెప్పలేదు.

దాదాపు 6.6 కోట్ల ఏండ్ల కింద మన నేల ఇక్కడ లేదు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉండి, ఉత్తరం దిక్కు జరుగుతున్నది. ఇప్పుడు రీయూనియన్ దీవి కింద ఉన్న అగ్నిస్థానం మీదికి రాంగనే నేల పగిలి లావా పొంగింది. ఆగుతూ, మళ్లీ పొంగుతూ పొర మీద పొర పరుచుకుంది. కొన్ని ప్రవాహాలు వెయ్యి కిలోమీటర్ల దాకా పారి రాజమండ్రి దగ్గర గడ్డకట్టినయి. 'ట్రాప్' అనే పేరు మెట్లు అనే అర్థమున్న స్వీడిష్ మాట నుంచి వచ్చింది. తర్వాత మన నేల ఆసియాను ఢీకొట్టి హిమాలయాలు లేచినయి. ఇక్కడి రాయి ఎండకు వానకు చివికి, పత్తి పండే నల్లరేగడి అయ్యింది.

"ఇవన్నీ తెలిస్తే ఏమొస్తది?" అంటారా? నీళ్లు ఎక్కడున్నయో తెలుస్తది. ఒక్కో లావా పొర నడుమ గట్టి బండ, అందులో నీళ్లు నిలవవు. పైభాగం గాలిబుడగల రంధ్రాలతో ఉంటది. ఆ రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసిన చోట, బండ పగుళ్లలో, పొరకూ పొరకూ మధ్య సందులో నీళ్లు దాగుతయి. గుట్ట పక్కన ఊట పుట్టేది ఎక్కువగా అక్కడే. ఒక బోరు పడి, పక్క బోరు ఎండిపోవడానికి కారణం ఇదే.

అందుకే గుట్టను కంకర లెక్కన మాత్రమే చూసేవాళ్లతో మనకు పేచీ. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో రాయి, కంకర లాంటి చిన్న ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. హక్కు ఉంది. కానీ "ఈ పొర తవ్వితే మా ఊట పోతది" అని సభలో లేచి చెప్పే పిల్లలు మనలో ఎంతమంది ఉన్నరు?

డిగ్రీ అనంగనే అందరం ఒకే గ్రూపు వెంట పడుతున్నం. కొందరమైనా జియాలజీ చదవాలన్నది మా అభిప్రాయం. ఊట ఎక్కడుందో మన పెద్దలకు ఎరుక. ఎందుకుందో మనం నేర్చుకుంటే ఆ రెండూ కలిసి కాగితం మీద నిలబడతయి.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి బావి గోడ చూడండి. ఎన్ని పొరలున్నయో లెక్కపెట్టి కింద కామెంట్‌లో రాయండి.

జోహార్ కుమ్రం భీం!