ఫీజు ఎవరు కట్టినా మన బాధ్యత ఎదుట కూర్చున్న మనిషికే: వ్యసన విముక్తి కౌన్సెలర్ల వృత్తి నియమాలపై తీర్మానం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని డీ-అడిక్షన్ కేంద్రాల్లో, ఆసుపత్రుల్లో, సొంతంగానూ కౌన్సెలింగ్ చేస్తున్న మేమందరం మా సంఘం సర్వసభ్య సమావేశంలో కూలంకషంగా చర్చించి ఈ తీర్మానాన్ని ఆమోదిస్తున్నాం.

మద్యం, మత్తుపదార్థాల వాడకం వల్ల వచ్చే మానసిక స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధుల్లోనే చేర్చింది. 2018 మే 29 నుంచి ఆ చట్టం అమల్లో ఉంది. కాబట్టి మా దగ్గరికి వచ్చేవారు చట్టం దృష్టిలో హక్కులున్న రోగులు. ఎయిమ్స్ నిపుణులు కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం జరిపి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందుతున్నది 180 మందిలో ఒక్కరే. అన్ని అడ్డంకులు దాటుకుని వచ్చిన ఆ ఒక్కరు మా గదిలో అవమానపడి వెనుదిరిగితే మళ్లీ ఏ ఆసుపత్రి గుమ్మమూ ఎక్కరు. ఆ సంగతి విన్న వాళ్ల ఊరివాళ్లూ రారు.

మా వృత్తిలోని చిక్కులన్నిటికీ మూలం ఒక్కటే. చికిత్స ఒకరికి, తీసుకొచ్చేది మరొకరు, డబ్బు కట్టేది ఇంకొకరు. ఈసారైనా మానతాడా అని భార్య అడుగుతుంది. ఎన్ని నెలలు ఉంచుకుంటారని తండ్రి అడుగుతాడు. పడకలెన్ని ఖాళీగా ఉన్నాయని కేంద్రం యజమాని అడుగుతాడు. సరుకు ఎక్కడ దొరికిందో చెప్పించమని ఒక్కోసారి పోలీసులు అడుగుతారు. ఆ భార్య, ఆ తండ్రి పడే బాధ మేము రోజూ చూస్తున్నదే, అది చిన్నది కాదు. అయినా మా ముందు కూర్చున్న మనిషి మేలుకు అడ్డొచ్చే పని ఎవరు అడిగినా చేయబోమని ఈ సమావేశం తీర్మానిస్తోంది. కింది నియమాలన్నీ దీని నుంచి వచ్చినవే.

ముందుగా, మాకు తరచూ ఎదురయ్యే సంగతి. కౌన్సెలింగ్ అయిపోయి భర్త బయటికి వెళ్లగానే భార్య హ్యాండ్‌బ్యాగులోంచి ఒక మాత్రల షీటు తీస్తుంది. "ఆయనకు తెలియకుండా కూరలో కలిపి పెట్టమన్నారు మేడమ్, రోజుకు ఎన్ని వేయాలి?" అని గొంతు తగ్గించి అడుగుతుంది. అది చాలాసార్లు డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికీ రావచ్చు. ఆఖరి మాత్ర వేసుకున్న తర్వాత కూడా రెండు వారాల వరకు ఆ ప్రమాదం ఉంటుంది. తన ఒంట్లో ఆ మందు ఉందని తెలియని మనిషి సాయంత్రం దుకాణానికి వెళతాడు. ఇలా చాటుగా మందు పెట్టడానికి మాలో ఎవరూ సలహా ఇవ్వరాదు, చూసీ చూడనట్టు ఊరుకోరాదు. ఆ ఇల్లాలిని కూర్చోబెట్టి ప్రమాదం వివరించాలి. రోగికి చెప్పి, అతని ఒప్పుకోలుతో, డాక్టరు రాస్తేనే ఆ మందు వాడాలని నచ్చజెప్పాలి. ఆమెను కసరుకోకూడదు. ఆమె చేతిలో ఆ షీటు పెట్టినవాళ్లదే అసలు తప్పు.

రెండోది మా పరిధికి సంబంధించినది. కౌన్సెలర్ డాక్టరు కాదు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే, ఆఖరిసారి తాగిన ఆరు గంటల నుంచి రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల్లో మతి తప్పి, లేనివి కనబడే స్థితి రావచ్చు. సకాలంలో వైద్యం అందకపోతే అది ప్రాణాంతకం. అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవారికి కల్లు ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందో తెలంగాణలో చాలా కుటుంబాలు చూశాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి రోగులు పోటెత్తారు. ఆ తర్వాత కూడా "గట్టిగా అనుకుంటే మానేయొచ్చు" అని ధైర్యం చెప్పి, వణుకుతున్న మనిషిని డాక్టరుకు చూపించకుండా గదిలో పడుకోబెట్టడాన్ని మేము నేరంగానే చూస్తాం. ఎంత తాగేవారు, ఎన్నాళ్లుగా, ఆఖరున ఎప్పుడు, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా అన్న ప్రశ్నలు మొదటి రోజే అడిగి రాసుకోవాలి. డాక్టరు చూడనిదే కౌన్సెలింగ్ మొదలుపెట్టరాదు.

బలవంతం గురించి సమావేశంలో అన్నిటికంటే ఎక్కువసేపు చర్చ జరిగింది. రాత్రిపూట వ్యాను పంపి మనిషిని ఎత్తుకురావడం, గుండు గీయించడం, కాళ్లకు గొలుసులు వేయడం, శిక్షగా ఒంటరి గదిలో పెట్టడం, ఫోను ఇవ్వకపోవడం, "చికిత్సలో భాగం" అంటూ జీతం లేకుండా వంటింట్లో, బాత్రూముల్లో పని చేయించడం, ఇవన్నీ చట్ట విరుద్ధం. బలవంతపు గుండునూ, గొలుసులనూ, ఒంటరి నిర్బంధాన్నీ 2017 చట్టం నిషేధించింది. వేళకు ఫోను మాట్లాడే హక్కు, వచ్చినవారిని కలిసే హక్కు రోగికి ఇచ్చింది. "ఇవి లేకపోతే వీళ్లు మాట వినరు" అని కొందరు సభ్యులు వాదించారు. సమావేశం ఆ వాదనను తోసిపుచ్చింది. భయంతో మానినవాళ్లు గేటు దాటిన మొదటి వారంలోనే తిరిగి మొదలుపెట్టడం మేము ఎన్నోసార్లు చూశాం. ఇలాంటివి జరిగే చోట ఉద్యోగం చేస్తూ "నేను కౌన్సెలింగ్ మాత్రమే చేస్తాను, మిగతావి నాకు సంబంధం లేదు" అనే హక్కు మాలో ఎవరికీ లేదు. చూసినవారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. ఆగకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి ఫిర్యాదు చేయాలి. అందువల్ల ఉద్యోగం పోయిన సభ్యుల తరఫున ఈ సంఘం నిలబడుతుంది.

రోగి చెప్పింది గదిలోనే ఉండాలి. చిన్న ఊళ్లలో ఇది కష్టమని మాకు తెలుసు. కౌన్సెలర్, రోగి ఒకే వీధివాళ్లు, ఒకే కులంవాళ్లు, ఒక్కోసారి చుట్టాలు కూడా అవుతారు. పెళ్లి సంబంధం కుదుర్చుకునేవాళ్లు "అబ్బాయి మీ దగ్గరికి వచ్చాడటగా" అని అడిగితే, వచ్చాడనీ రాలేదనీ చెప్పకూడదు. డిశ్చార్జ్ రోజున దండ వేసి తీసిన ఫోటోలు, "నేను మారిపోయాను" అని చెప్పించిన వీడియోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం వెంటనే మానుకోవాలి. చేరిన రోజున సంతకం పెట్టించుకున్న కాగితాన్ని అందుకు సమ్మతిగా చూపకూడదు. ప్రాణహాని, ఇతరులకు హాని, కోర్టు ఉత్తర్వు వంటి సందర్భాల్లో చట్టం మినహాయింపులు ఇచ్చింది. పిల్లలపై లైంగిక దాడి గురించి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. ఈ హద్దులను మొదటి సిట్టింగ్‌లోనే, రోగి నోరు విప్పకముందే వివరించాలి.

గంజాయి వంటి వాటితో పట్టుబడి భయపడుతున్న కుర్రాళ్లకు నార్కోటిక్స్ చట్టంలోని 64ఎ సెక్షన్ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సొంత వాడకం, స్వల్ప పరిమాణం కేసుల్లో తమంతట తాము ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది, చికిత్స పూర్తి చేయకపోతే అది పోవచ్చు. "మా దగ్గర చేరితే కేసు మాయమవుతుంది" అని గుర్తింపు లేని కేంద్రం తరఫున చెప్పడం మోసం.

డబ్బు విషయంలో ఎక్కువ చెప్పనక్కర్లేదు. రోగిని పంపినందుకు కమీషన్ తీసుకోవద్దు, ఇవ్వవద్దు. నూటికి నూరు శాతం గ్యారంటీ అని బోర్డు పెట్టవద్దు. రోగి కుటుంబంతో అప్పులు, చిట్టీలు, స్థలాల బేరాలు వద్దు. తనిఖీ వస్తోందని రాత్రికి రాత్రి జరగని కౌన్సెలింగ్‌లను కేస్ ఫైళ్లలో రాయడం కూడా దొంగలెక్కే. రోగితో గానీ, చికిత్స ముగిసిన వ్యక్తితో గానీ లైంగిక సంబంధం పెట్టుకున్నవారిని విచారణ జరిపి సభ్యత్వం నుంచి తొలగిస్తాం.

మాలో చాలామంది ఒకప్పుడు తాగి, మానినవాళ్లే. వారి అనుభవం ఈ వృత్తికి పెద్ద బలం. కానీ తమ దారే అందరి దారి అని పట్టుబట్టకూడదు. మళ్లీ తాగడం మొదలైతే దాచుకోకుండా సంఘానికి చెప్పి, కోలుకునేదాకా రోగులను చూడటం ఆపాలి. అలా చెప్పినవారి ఉద్యోగం, పరువు కాపాడటం మా అందరి పూచీ. వారి చికిత్స ఖర్చు సంక్షేమ నిధి నుంచి ఇవ్వాలని సమావేశం నిర్ణయించింది.

ఫిర్యాదులను విచారించడానికి ఐదుగురితో కమిటీ ఏర్పాటు చేస్తున్నాం. వీరిలో ఒకరు కోలుకున్న వ్యక్తి, ఒకరు రోగి కుటుంబ సభ్యుడు లేదా సభ్యురాలు అయి ఉండాలి. ఆ ఇద్దరూ కౌన్సెలర్లు కాకూడదు. ఈ తీర్మానం ప్రతులను రెండు రాష్ట్రాల మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలకు పంపుతున్నాం. రిజిస్ట్రేషన్ లేకుండా నడుస్తున్న కేంద్రాలపై చర్య తీసుకోవాలని వాటిని కోరుతున్నాం. సభ్యులు పనిచేసే ప్రతి కేంద్రంలో దీన్ని తెలుగులోను, ఉర్దూలోను పెద్ద అక్షరాల్లో అచ్చువేసి రోగులూ బంధువులూ కూర్చునే చోట అంటించాలి. దాని పక్కనే ఫిర్యాదుల కమిటీ ఫోన్ నంబరు, ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్లు 14446, 14416 రాయాలి. చదవలేనివారికి చేరిన రోజునే కౌన్సెలర్ చదివి వినిపించాలి.