పైపు మీద బతుకుతున్న పట్నం

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి గల్లీల్లో అడుగడుగునా హాస్టళ్లే. నల్లగొండ, పాలమూరు, ఖమ్మం నుంచి నౌకరీ పరీక్షల కోచింగ్‌కు వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని ఉంటరు. మార్చి దాటిందంటే చాలు, పొద్దున్నే హాస్టల్ గేటు ముందు ట్యాంకర్ వచ్చి నిలబడుతది. పుస్తకం చేతబట్టుకునే బకెట్ నింపుకునే ఆ పిల్లలకు ఈ నీళ్లు ఎక్కడివని అడిగే తీరిక లేదు. మనం అడుగుదాం.

ఎడారి నడుమ నీటి చెలమ ఉండి, దాని చుట్టూ ఊరు నిలిస్తే ఒయాసిస్సు అంటరు. తూర్పు హైదరాబాద్‌ది ఎడారి కాదు. ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడే నేల. అయినా ఇవాళ ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ బతుకు ఒయాసిస్సు బతుకే. తేడా ఒక్కటే. చెలమ ఇక్కడ లేదు, వంద కిలోమీటర్ల అవతల ఉన్నది.

నాగార్జునసాగర్ నీటిని పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి రిజర్వాయర్‌లో నిలిపి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, పైపుల్లో పట్నానికి తెస్తున్నరు. మొదటి దశ 2004లో, రెండోది 2008లో, మూడోది 2015లో వచ్చినయి. దశకు 9 కోట్ల గ్యాలన్ల లెక్కన రోజుకు 27 కోట్ల గ్యాలన్లు, ఏడాదికి 16.5 టీఎంసీలు. ఈ నీళ్లు పట్నంలో చేరేది ఎల్బీనగర్ పక్కనున్న సాహెబ్‌నగర్‌కే. కృష్ణమ్మ గడప దాకా వచ్చిన ఈ ప్రాంతంలోనే ఎండాకాలం ట్యాంకర్ల హారన్లు మోగుతున్నయంటే లోపం ఎక్కడున్నట్టు?

లోపం కాళ్ల కింద ఉన్నది. మన పట్నం కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైటు రాయి. పైన పలుచని మొరం పొర, దాని కింద రాతిలో సన్నని పగుళ్లు. నీళ్లు నిలిచేది ఆ మొరంలో, ఆ పగుళ్లలో మాత్రమే. వానకు నిండి ఎండకు ఖాళీ అయ్యే చిన్న గిన్నె అది. మొరం పొర ఎండిపోయినంక బోరును ఎన్ని వందల అడుగులు దించినా కొత్త నీళ్లు పుట్టవు. పక్కింటి పగుల్లో మిగిలిన చుక్కే మన పైపులోకి వస్తది. గల్లీలో ఒకరు బోరు దించితే, తెల్లారి పక్కవారు ఇంకా లోతుకు దించుతరు. లాభపడేది రిగ్గు లారీ వాడే.

ఇదేం కొత్త కథ కాదు. దమ్మాం పోయొచ్చిన మన జగిత్యాల, నిజామాబాద్ అన్నలను అడగండి. అక్కడికి దగ్గర్లోనే అల్ అహ్సా ఉన్నది, లక్షలాది ఖర్జూర చెట్ల మహా ఒయాసిస్సు. వేల ఏండ్లు ఊటలు తమంత తామే పొంగిన నేల. మోటార్లు పెట్టి తోడుడు మొదలైనంక ఆ ఊటలు ఆగిపోయినయి. అదే సౌదీ ప్రభుత్వం భూగర్భ జలంతో గోధుమ పండించి, నీళ్లు అడుగంటుతున్నయని 2008లో కళ్లు తెరిచి, 2016 నాటికి ఆ సాగుకు స్వస్తి పలికింది. చమురు డబ్బున్న దేశం కాబట్టి గోధుమలు కొనుక్కున్నది. మన కాలనీ సంఘం ఏం కొంటది?

మన పెద్దలకు ఈ గిన్నె లెక్క తెలుసు. అందుకే బోరు కన్నా ముందు చెరువు తవ్విన్రు. మీర్‌పేట, జిల్లెలగూడ, కర్మన్‌ఘాట్, బైరామల్‌గూడ వైపు వాన నీరు సరూర్‌నగర్ చెరువుకు చేరి, అది అలుగు పారితే కింద మూసీలో కలిసేది. చెరువు నిండితే చుట్టూ బావులు ఊరేవి. తర్వాత శిఖం భూములు ప్లాట్లయినయి, కట్టు కాల్వలు మోరీలైనయి. 2007 దాకా ఎల్బీనగర్, గడ్డిఅన్నారం వేర్వేరు మున్సిపాలిటీలు. అప్పటి లేఅవుట్లు చూసినా, పట్నంలో కలిసినంక ఇచ్చిన పర్మిషన్లు చూసినా చెరువు పట్ల గౌరవం ఒక్కతీరే. ఫలితం 2020 అక్టోబరు 13 రాత్రి కండ్లబడ్డది. కోదండరాంనగర్, సీసాల బస్తీ నీట మునిగినయి. ఏప్రిల్‌లో ట్యాంకర్ కోసం లైను కట్టిన గల్లీల్లోనే అక్టోబరులో నడుముల్లోతు నీళ్లు! నీటికి తన పాత తోవ గుర్తున్నది, మనమే మరిచినం.

లెక్క సూటిగానే చెప్పుకుందాం. 200 గజాల జాగా మీద ఏడాదిలో పడే వాన దాదాపు లక్షా 34 వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు 27 అన్నట్టు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఐదుగురి కుటుంబానికి కావలసినదాంట్ల సగానికి పైన. కానీ అదే 200 గజాల్లో అంతస్తులు లేపి 60 మంది పిల్లలను ఉంచితే, పడ్డ ప్రతి చుక్కా పట్టినా ఇరవయ్యో వంతుకూ రాదు. ఇంకుడు గుంతతోనే అన్నీ తీరుతయని చెప్పేవాళ్లు ఈ లెక్క దాచిపెడుతున్నరు. ఇంకుడు గుంత అక్కరలేదని చెప్పేవాళ్లు మొదటి లెక్క దాచిపెడుతున్నరు.

అంటే పైపు తప్పదు. మరి ఆ పైపుకు భరోసా ఎంత? సాగర్ నిండితే 590 అడుగులు. మట్టం 510 అడుగులకు దగ్గరపడితే పట్నానికి అత్యవసర పంపులు పెట్టాలె. 2024 ఎండాకాలంలో పెట్టిన్రు కూడా. అడుగు నీటిని సైతం తోడేందుకు 2022లో మొదలుపెట్టిన సుంకిశాల పనుల్లో 2024 ఆగస్టు 2న గోడ కూలింది. దగ్గర్లోని జంట జలాశయాలు, 1908 మూసీ వరద తర్వాత కట్టుకున్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు కాపలాగా 1996లో తెచ్చిన 111 జీవో ఆంక్షలను 2022లో సడలించిన్రు. దగ్గరి చెలమను వదులుకుని దూరపు చెలమను నమ్ముకునుడు ఏం తెలివి?

ఇక ఆ నీళ్ల మీద మొదటి హక్కు ఎవరిది? పుట్టంగండి నల్లగొండ గడ్డ మీద ఉన్నది. ఫ్లోరైడ్ నీళ్లతో తరాల ఎముకలు వంగిపోయిన జిల్లా మీదుగా పట్నం పైపు నడిచి వచ్చింది. భగీరథ నీళ్లు వచ్చినంక కొంత మారింది గానీ, వంగిన నడుములు మళ్లా నిటారు కావు. ఆ జిల్లా పొలాలకు కృష్ణ నీళ్లు తేవాల్సిన ఎస్సెల్బీసీ సొరంగం ఏండ్లకేండ్లు సాగి, 2025 ఫిబ్రవరి 22న కూలి ఎనిమిది మంది కార్మికులను లోపల చిక్కించింది. ఇటు పట్నం వాడుకున్న నీళ్లేమో మురుగై మూసీలో పడి మళ్లీ నల్లగొండకే పోతున్నయి. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోల్‌లో 17.2 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రాలు కట్టుకున్నా మూసీ రంగు మారలేదు. మంచినీళ్లు తీసుకుని మురుగు ఇచ్చుడు ఏ ధర్మం? బచావత్ తీర్పు ప్రకారం తాగునీటి వాడకంలో 20 శాతమే ఖర్చు కింద రాయాలె. మిగతాది నదికి తిరిగొస్తదని ఆ లెక్క. తిరిగొచ్చేది నీళ్లయి ఉండాలె కదా!

ఉద్యమ నినాదంలో మొదటి మాట నీళ్లు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. బోర్లకు పర్మిషన్ ఉండాలన్న వాల్టా చట్టం 2002 నుంచే ఉన్నది. చెరువుల కబ్జాల మీదికి 2024లో హైడ్రా వచ్చింది. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమన్నరు. పేద ఇంటికి అది మేలే, కాదనం. కానీ ఏ కాలనీ కింద ఎన్ని బోర్లున్నయి, ఏటేటా నీటి మట్టం ఎంత దిగుతున్నది అన్నది ఆ కాలనీ వాళ్లకే తెలియకపాయె.

వార్డు ఆఫీసు గోడ మీద నెలనెలా భూగర్భ నీటి మట్టం రాసి పెట్టాలె. సరూర్‌నగర్, మన్సూరాబాద్ చెరువుల్లోకి వచ్చే మోరీలను మళ్లించి, వాన నీటి తోవలు మాత్రం విడిచిపెట్టాలె. హాస్టళ్లు, అపార్టుమెంట్లు స్నానాల నీటిని శుద్ధి చేసి ఫ్లష్‌లకు వాడేటట్టు చెయ్యాలె. సాహెబ్‌నగర్‌కు చేరే నీళ్లల్ల ఎల్బీనగర్ కాలనీలకు ఎంత, ట్యాంకర్లకు ఎంత, లీకేజీలకు ఎంత పోతున్నదో జలమండలి బయటపెట్టాలె. వచ్చే మార్చి కన్నా ముందే ఈ కాగితాలు కాలనీ సంఘాల చేతిలో ఉండాలె. అడగవలసింది అక్కడి జనమే, ఆ హాస్టల్ పిల్లలతో సహా.