సంకెల ఎవరికి?

పరదేశపు ఓడ యొకటి రేవులో లంగరు వేసియున్నది. అందలి కళాసి యొకడు చీకటివేళ త్రాడు పట్టుకొని దిగి పట్టణములో కలిసిపోయినాడు. వాడు దొంగిలింపలేదు, ఎవరిని కొట్టలేదు, సంపాదించుకొన్న జీతమును సైతము ఓడలోనే విడిచినాడు. వాని దోషమెల్ల ఒడంబడిక తప్పి పని మానుకొనుటయే. అట్టివానిని పట్టి, మరల ఓడ కెక్కించుటకు ఆ రేవు నేలు ప్రభుత్వమునకు హక్కేమి? ఇది న్యాయవాదుల పుస్తకములకు మాత్రమే చెందిన చర్చయని పాఠకులు తలంపవలదు. పరాధీన దేశముల రేవులలో తరతరములుగ ఈ ప్రశ్నకు వారంటును చెరసాలయును సమాధానము చెప్పినవి. ఆ సమాధానములోని యన్యాయమును విప్పి చూపుట మా విధియని తలంచుచున్నాము.

రేవులోని ఓడపై అధికార మెవరిదను విషయమున రెండు మతములు కలవు. వర్తకపుటోడ రేవులో ప్రవేశించిన తోడనే ఆ దేశపు చట్టమునకు లోబడునని ఆంగ్లేయ న్యాయవేత్తల మతము. ఓడలోని కట్టుబాట్లు జెండా దేశమునకే చెందును, రేవులో శాంతిభంగమైననే స్థానిక ప్రభుత్వము కలుగజేసికొనవలెనని ఫ్రెంచివారి మతము. 1806లో శాలీ, న్యూటను అను రెండు అమెరికా ఓడల తగవులో వారి ప్రభుత్వాలోచన సభ ఇట్లే అభిప్రాయ మిచ్చెను. 1887లో వైల్డెన్‌హస్ వ్యాజ్యమున, జెర్సీ సిటీ రేవులోని బెల్జియము ఓడలో జరిగిన హత్యను స్థానిక న్యాయస్థానమే విచారింపవచ్చునని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. హత్య ఓడవారి యింటితగవు కాజాలదు గదా!

ఈ రెండు మతములలో దేనిని గైకొన్నను, పారిపోయిన కళాసిని పట్టుటకు దారి కనబడదు. మొదటి మతమున వాడు నిలిచిన నేల చట్టమే వానికి రక్ష. పరదేశీయునితో చేసికొన్న ఒడంబడిక తప్పుట ఆ చట్టమున నేరము కానిచో వాడు నిర్దోషి. రెండవ మతమున అది ఓడ యింటితగవు. స్థానికపు పోలీసువానికి అందు ప్రసక్తి లేదు. తర్కము మూసిన ఈ ద్వారమును ఆంగ్లేయ పార్లమెంటు చట్టముతో తెరచినది. బ్రిటిషు ఓడల పరారీలను పట్టియిచ్చు రాజ్యముతో ఏర్పాటు కుదిరినచో, ఆ రాజ్యపు ఓడలనుండి పారిపోయినవారిని బ్రిటిషు రాజ్యభాగములందును, ఈస్టిండియా కంపెనీ సీమలందును పట్టి యొప్పగింపవచ్చునని 1852 నాటి చట్టము శాసించెను. 1894 నాటి వర్తకనౌకా చట్టము దీనినే 238వ సెక్షనుగ నిలుపుకొనెను. కాన్సలు కోరును, మేజిస్ట్రేటు వారంటు వ్రాయును, పోలీసులు పట్టుకొందురు. తెలిసి వానికి చోటిచ్చినవారికి పది పౌనుల వరకు జుల్మానా.

ఈ చట్టములో చిన్న మినహాయింపు కలదు. బానిసలు కాని నావికులకే యిది వర్తించును. బ్రిటిషు నేలపై కాలిడిన బానిసను తిరిగి యజమానికి ఒప్పగించుట సిగ్గని వారు తలంచిరి. మంచిదే. కాని ఫలితము చూడుడు! బానిస తప్పించుకొని వచ్చినచో విడిచిపెట్టుదురు. స్వతంత్రుడు తప్పించుకొని వచ్చినచో పట్టి యిత్తురు. స్వతంత్రుడై పుట్టినందుకు ఇంతకంటె వింతయైన శిక్ష మరి యుండునా?

ఆ కళాసియే పారిపోక, జీతము రాలేదని ఆంగ్లేయ న్యాయస్థానమున కేగినచో నేమగును? ముందుగ కాన్సలునకు నోటీసు ఈయవలెను. కాన్సలు ఆక్షేపించినచో, విచారించుటయు మానుటయు న్యాయాధిపతి చిత్తము. కళాసి మొరపెట్టుకొన్నప్పుడు అది పరదేశపు ఓడవారి సొంత సంగతి. కళాసి పరుగెత్తినప్పుడు అదియే స్థానిక పోలీసుల సంగతి! అధికారపరిధి యను గీతను ధర్మము గీయలేదు. యజమాని లాభము ఎటు జరిగిన ఆ గీత అటు జరిగినది.

బ్రిటిషు ఓడల విషయమున ఈ పక్షపాతము మరింత స్పష్టము. ఇంగ్లండు రేవులలో ఓడ విడిచినందుకు చెరయను శిక్షను 1880 నాటి చట్టము తొలగించెను. ఇక 1894 చట్టపు 221వ సెక్షనును చదువుడు. ఓడ విడిచినవాడు సామానును జీతమును కోల్పోవును. అంతటితో నిలువక, బ్రిటను వెలుపల నైనచో పండ్రెండు వారముల వరకు చెర, కఠినమైన చాకిరితో సైతము, విధింపవచ్చును. ఓడ యొకటే, కప్తాను ఒకడే, ఒడంబడిక యొకటే. లండనులో విడిచినచో జీతనష్టము. కలకత్తాలో విడిచినచో చెరసాల. నేల మారినంతనే అప్పు నేరమైనది!

ఓడ యజమానుల సమాధానము మాకు తెలియకపోలేదు. కళాసులు ఇచ్చవచ్చినట్లు దిగిపోయినచో ఓడ కదలదనియు, సముద్రయానమునకు కఠినశాసనము తప్పదనియు వారందురు. నడిసముద్రమున ఆజ్ఞ మీరుట అందరి ప్రాణములకు ముప్పు. దానికి శిక్ష యుండవలెనని మేమును ఒప్పుకొందుము. కాని రేవులో కట్టిన ఓడ ఒక కళాసి దిగినంత మాత్రమున మునుగదు. 1880 తరువాత లండను రేవున ఓడలు కదలక కుళ్ళిపోయినవా? అమెరికాలో 1897 నాటి ఆరాగో ఓడ నావికుల వ్యాజ్యమున, బానిసత్వ నిషేధము నావికుల ఒడంబడికకు వర్తింపదని సుప్రీంకోర్టు పలికెను. న్యాయమూర్తి హార్లన్ సమ్మతింపలేదు. చివరకు 1915 నాటి నావికుల చట్టము ఆ చెరను తొలగించి, పరదేశ పరారీలను పట్టియిచ్చు సంధి షరతులకును స్వస్తి చెప్పెను. అమెరికా వర్తకము అందువలన ఆగిపోలేదు.

మన దేశమున నేలపై కూలికిని ఇదే న్యాయము జరిగినది. బయానా పుచ్చుకొని పని మానిన కూలికి 1859 నాటి పదమూడవ చట్టము మూడు మాసముల వరకు చెర చూపెను. దానిని రద్దుచేయుటకు 1925 వరకు పట్టినది. 1939లో యుద్ధారంభమున, తెల్లవారి జీతములో కొద్దిభాగమునకు పనిచేయజాలమని భారతీయ కళాసులు బ్రిటిషు రేవులలో సమ్మె కట్టగా పలువురు చెరపాలైరి. అయినను జీతములు పెంచక తప్పలేదు. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను, 1958 నాటి మన చట్టమున ఓడ విడుచుట నేరముగనే నిలిచెను. పరులు విడిచిన సంకెలను మనమే తుడిచి దాచుకొంటిమి.

రేవు ప్రభుత్వము తలచుకొన్నచో నేమి చేయగలదో 1872లో జపాను చూపినది. మకావునుండి చీనా కూలీలను పెరూ దేశమునకు గొనిపోవుచున్న మరియా లూజ్ అను ఓడ యోకొహామా చేరెను. కూలి యొకడు నీట దూకి, సమీపమందలి బ్రిటిషు యుద్ధనౌకకు ఈదెను. జపాను అధికారులు విచారణ జరిపి, ఇన్నూరుమందికి పైబడిన కూలీలను విడిపించిరి. పెరూ మొరపెట్టగా, మధ్యవర్తియైన రష్యా చక్రవర్తి 1875లో జపాను పక్షముననే తీర్పు చెప్పెను. ఆనాడు జపానే అసమాన సంధులతో కట్టువడియుండెను. కావున కొరతపడునది బలము కాదు, బుద్ధి.

నేడు ఆ కథ తలక్రిందులైనది. నేడు యజమానియే కళాసులను విడిచి పారిపోవుచున్నాడు. జీతము నిలిచిపోవును, ఆహారము, త్రాగునీరు, ఇంధనము అడుగంటును. ఓడ జెండా ఒక దేశముది, యజమాని వేరొక దేశమువాడు, కళాసి మరియొక దేశమువాడు. జెండా దేశము పలుకదు. రేవు దేశము జెండాను చూపును. ఇట్లు విడువబడినవారిలో భారతీయులు పెక్కుమంది. 2017లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ నిబంధనలు నాలుగు మాసముల జీతము వరకు పూచీ యుండవలెనన్నవి. ఏడాదిగ ఓడలో చిక్కిన కుటుంబీకునకు అది చాలునా?

మన చేతిలో వేరొక ఆయుధము కలదు. కళాసి జీతమునకు ఓడపైననే ప్రథమహక్కు కల్పించి, ఆ ఓడను పట్టి నిలుపుటకు హైకోర్టులకు 2017 నాటి అడ్మిరల్టీ చట్టము అధికారమిచ్చినది. విశాఖపట్టణమును కాకినాడను రేవులుగాగల ఆంధ్రులకు ఇది పరాయి సంగతి కాదు. కాని కళాసికి హైకోర్టు దారి తెలియదు. వకీలు ఫీజు వానివద్ద లేదు. రేవు అధికారులు తామై విచారింపవలెను. మా తోటి న్యాయవాదులు ఫీజు చూడక వకాల్తా పుచ్చుకొనవలెను. వెనుక నొకప్పుడు కాన్సలు కోరిననే మేజిస్ట్రేటు వారంటు వ్రాసెను. నేడు కళాసి కోరినప్పుడు ఆ కలము అంత వేగముగ కదలుగాక! సంకెల వేయవలసినచో ఓడకు వేయుడు. కళాసిని ఇంటికి పంపుడు.