యంత్రసాక్ష్యము - యువజనుల బాధ్యత

పరీక్షాఫలితములు వెలువడిన పిమ్మట ప్రతి గృహమునందును ఒకే ప్రశ్న బయలుదేరును: పిల్లలను ఏ విద్యలో ప్రవేశపెట్టవలెను? ఇంజనీరింగు, వైద్యము అను రెండు రాజమార్గములు తప్ప వేరుదారి తోచని తలిదండ్రులకు ఇప్పుడు డిజిటల్ ఫోరెన్సిక్సు అను మూడవ పేరు వినబడుచున్నది. ఈ విద్యయందు మన యువతీయువకులు ఆసక్తి చూపుట సంతోషకరము. కాని ఇది యెట్టి విద్యయో, దీనివలన ప్రజలకు కలుగవలసిన ప్రయోజన మేమో యెఱుగక, జీతమును మాత్రమే లెక్కించి దీనిలో దిగుట క్షేమకరము కాదని ముందుగానే మనవి చేయుచున్నాము.

సెల్ ఫోను, కంప్యూటరు, వీధికూడలిలోని కెమెరా మొదలగు యంత్రములలో నిలిచియున్న జాడలను చెడకుండ సేకరించి, పరీక్షించి, న్యాయస్థానము నమ్మదగిన రీతిని వివరించుటయే ఈ విద్య. మూలమును మార్పరాదనునది ఇందలి మొదటి నియమము. స్వాధీనమైన డిస్కునందు ఒక్క అక్షరమైనను క్రొత్తగా వ్రాయబడకుండ అడ్డుసాధనము నమర్చి, దానికి సరియగు నకలు తీయుదురు. పిదప మూలమునకును నకలునకును గణితమార్గమున 'హాష్' అను విలువను కట్టుదురు. రెండును ఏకమైనచో నకలు నిక్కమైనది. లోపల ఒక్క అక్షరము మాఱినను ఆ విలువ మాఱిపోవును. ఆ వస్తువు ఎవరి చేతినుండి ఎవరి చేతికి, ఏ దినమున, ఏ గంటకు పోయినదో వ్రాసియుంచుట రెండవ నియమము.

ఇది ప్రయోగశాలల మర్యాద మాత్రమే కాదు. ధ్రువపత్రము లేని ఎలక్ట్రానిక్ నకలు సాక్ష్యముగా చెల్లదని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసునందు చెప్పి, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసునందు స్థిరపరచినది. 1872 నాటి సాక్ష్యచట్టమునకు బదులుగా 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. దాని 63వ సెక్షను ప్రకారము ధ్రువపత్రముపై యంత్రమునకు బాధ్యుడైనవాడే కాక నిపుణుడొకడును సంతకము చేయవలెను. హాష్ విలువను అందు చూపవలెను. అదే దినమున అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షను, ఏడేండ్లు లేక అంతకు మించిన శిక్ష విధింపదగిన నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలమునకు పోవలెనని చెప్పి, దానిని అమలుపరచుటకు రాష్ట్రములకు ఐదేండ్లలోపల గడువిచ్చినది. శాసనము నిపుణుని పిలిచినది. మన జిల్లాలలో ఆ పిలుపునకు పలుకగలవా రెందరున్నారు?

ఈ విద్య యెంత పని చేయగలదో అమెరికాలోని విచిటా నగరము చూచినది. 1974 మొదలు 1991 వఱకు పదిమందిని చంపినవాడొకడు పోలీసులకు దొరకక తిరుగుచు, 2005లో వారికొక ఫ్లాపీ డిస్కును పంపెను. చెఱిపివేసితినని తాననుకొన్న ఒక పత్రము జాడ అందు మిగిలియుండెను. ఆ జాడలో ఒక చర్చి పేరును, డెనిస్ అను వ్యక్తినామమును బయటపడినవి. ఆ చర్చి సంఘమునకు అధ్యక్షుడైన డెనిస్ రేడరు కొద్దిదినములకే పట్టువడి, నేరము నంగీకరించెను. ముప్పదియేండ్ల అన్వేషణకు దొరకనివానిని ఒక చిన్న డిస్కు పట్టియిచ్చినది.

దీని రెండవ ముఖమును మేము మా వృత్తిలోనే చూచితిమి. కొన్నియేండ్ల క్రిందట ఒక బాలికను ఫోటోలతో బెదరించెనని ఒక యువకునిపై కేసు వచ్చినది. స్వాధీనమైన ఫోనును సీలు చేయుటకు మాఱుగా మూడు దినములు ఠాణాలో తెఱచి తెఱచి చూచిరి. విచారణలో ముద్దాయి పక్షమున నిలిచినవారము మేమే. ఆ ఫోనులోని కొన్ని ఫైళ్ల తేదీలు స్వాధీనమునకు తరువాతివి కదా యని ప్రశ్నింపగా దర్యాప్తు అధికారి సమాధానము చెప్పజాలడయ్యెను. కేసు కొట్టివేయబడినది. మేము గెలిచితిమి. వరండాలో ఆ బాలిక తల్లి మమ్ము చూచి మొగము త్రిప్పుకొనెను. ఆమె బిడ్డకు అన్యాయము జరిగినదో, ఆ యువకునిపై నింద పడినదో, ఇక నెన్నటికిని తేలదు. ఆ దినమున ఆ ఠాణాలో శిక్షణ పొందిన యువకుడొక్కడున్నను నిజము దక్కియుండెడిది.

కావున విద్యార్థులారా, మూడు నెలలలో నిపుణులను చేసెదమని ప్రకటించు శిక్షణాలయములను నమ్మి మీ తలిదండ్రుల కష్టార్జితమును వ్యయపరుపకుడు. ఖరీదైన విదేశీ సాధనములో మీటలు నొక్కుట నేర్చినవాడు నిపుణుడు కాడు. ఫైలు చెఱిపినను డిస్కులో ఎట్లు మిగులునో, గడియారము తప్పిన యంత్రము తేదీలను ఎట్లు తాఱుమాఱు చేయునో తెలిసినవాడే సాక్షిబోనులో నిలువగలడు. ఆటాప్సీ వంటి సాధనములు ఉచితముగా లభించుచున్నవి. మన సీడాక్ సంస్థయు ఇట్టి సాధనములను నిర్మించినది. హైదరాబాదు రామంతాపురములో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల యున్నది. 2020లో పార్లమెంటు శాసనముచే జాతీయ ఫోరెన్సిక్ విజ్ఞాన విశ్వవిద్యాలయము గాంధీనగరమున వెలసినది. కంప్యూటరుతోపాటు సాక్ష్యచట్టమును గూడ చదువుడు. ఆంగ్లములోనే కాక తెలుగులోను మీ పరిశోధనను వివరించుట నేర్చుకొనుడు.

ఈ శాస్త్రము మనకు పరాయిది కాదు. వ్రేలిముద్రల కార్యాలయము 1897లోనే కలకత్తాలో నెలకొనినది. ముద్రల వర్గీకరణమునకు గణితమును సమకూర్చినవారు అజీజుల్ హక్, హేమచంద్రబోసు అను మన దేశీయులు. కాని ఆ పద్ధతికి వారి పై యధికారియగు ఎడ్వర్డు హెన్రీ పేరు నిలిచినది. పరుల సాధనములను వాడుటతో తృప్తిపడక, మన భాషలకును మన ఫోనులకును తగిన సాధనములను మన యువకులే నిర్మింపవలెను. ఈ పర్యాయము వారి పేరు వారికే దక్కవలెను.

ప్రభుత్వములకును ఒక మాట. తాత్కాలికోద్యోగములతోను, కొద్దిపాటి జీతములతోను ప్రయోగశాలలను నడపినచో నేర్పరులు ప్రైవేటు కంపెనీలకు పోవుదురు. ఫోనులు బీరువాలలో పేరుకొనిపోవును. విచారణకు నోచని ఖైదీలు జైలులో మ్రగ్గుదురు. శాశ్వతోద్యోగములు సృజింపుడు. ప్రయోగశాలను పోలీసు శాఖ ఒత్తిడినుండి తప్పింపుడు. నిపుణుడు అభియోగమును నిలువబెట్టుటకు నియమింపబడినవాడు కాడు, ఉన్నదున్నట్లు చెప్పవలసినవాడు.

అట్లు చెప్పుటకు ఒక్కొక్కప్పుడు ధైర్యము కావలయును. పై యధికారి కోరిన మాట ఫోనులో లేనప్పుడు, 'లేదు' అని వ్రాసి సంతకము చేయవలసి వచ్చును. ఆ సంతకమునకు సిద్ధపడిన యువతీయువకులు ఈ విద్యలో ప్రవేశింతురుగాక. వారికొఱకు మన న్యాయస్థానములు వేచియున్నవి.