నేల తాకిన రథం

మధ్యలో విరమిస్తే దేశప్రతిష్ఠ మంటగలుస్తుందన్న వాదం ఇరాక్ యుద్ధకాలమంతా అమెరికాలో వినిపించింది. దానిని ఇప్పటికీ సమర్థించేవారు మన మిత్రులలోనూ ఉన్నారు. వారిని నేనడిగేది ఒక్కటే: పోగొట్టుకోవడానికి అప్పటికి ఆ ప్రతిష్ఠ మిగిలి ఉన్నదా?

2003 ఫిబ్రవరి 5న భద్రతామండలిలో అమెరికా విదేశాంగమంత్రి కోలిన్ పవెల్ ఒక చిన్న సీసాను చేతబట్టి, ఇరాక్ వద్ద సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని లోకాన్ని నమ్మించబూనాడు. మార్చిలో యుద్ధం మొదలైంది. మరుసటి ఏడు అమెరికా నియమించిన పరిశీలకులే అటువంటి నిల్వలు లేవని తేల్చారు. పవెల్ తెలిసి చెప్పాడా, తెలియక చెప్పాడా అన్నది వేరే చర్చ. అది తన జీవితానికి మచ్చ అని 2005లో ఆయనే అన్నాడు.

ద్రోణపర్వం చదివినవారికి ఇది కొత్త కథ కాదు. భూమికి నాలుగంగుళాల ఎత్తున నడిచే ధర్మరాజు రథం ఒక్క అర్ధసత్యంతో నేల తాకింది. ఆపై పాండవులు యుద్ధం గెలిచారు. రథం మళ్ళీ పైకి లేచిందని మాత్రం నేనెక్కడా చదవలేదు. గెలిచినా తిరిగి రానిది, యుద్ధాన్ని పొడిగిస్తే వస్తుందా?

మార్గం తెలియక కాదు. 2006 డిసెంబరులో జేమ్స్ బేకర్, లీ హామిల్టన్‌ల నాయకత్వాన ఉభయపక్షాల పెద్దలు పదిమంది 79 సిఫారసులతో నివేదిక ఇచ్చారు. ఇరాన్, సిరియాలతో సహా ఇరుగుపొరుగు దేశాలన్నింటితో మాట్లాడమన్నారు. బేకర్ ముక్కు మూసుకున్న ముని కాడు. 1991 గల్ఫ్ యుద్ధానికి వారం ముందు జెనీవాలో తారిఖ్ అజీజ్‌తో ముఖాముఖి కూర్చున్న మంత్రి.

దుష్టులతో మాటలేమిటన్నారు యుద్ధప్రియులు. మనవారికి రాయబారమనగానే హార్మోనియం శ్రుతిలో సాగే పద్యాలే గుర్తుకు వస్తాయి గాని, శ్రీకృష్ణుడు దుర్యోధనుని మంచివానిగా నమ్మి హస్తినకు వెళ్ళాడా? శత్రువుతో కాక మరెవరితో సంధి? 2007 జనవరిలో అధ్యక్షుడు బుష్ ఇరవై వేలకు పైగా అదనపు సైన్యాన్ని ప్రకటించాడు. హింస కొంతకాలానికి తగ్గిన మాట నిజం, కాదనను. ఆ వ్యవధిలో కుదరవలసిన రాజకీయ సయోధ్య మాత్రం నిలువలేదు. విచిత్రమేమంటే, అదే ఏడు మే నెలలో అమెరికా రాయబారి బాగ్దాదులో ఇరాన్ రాయబారి ఎదుట కూర్చోక తప్పలేదు! ఆ పని ముందే చేయమన్నవారు పిరికివారట.

2011 డిసెంబరులో సేనలు తరలిపోయాయి. అప్పటికి దాదాపు 4,500 మంది అమెరికా సైనికులు, లక్షకు మించి ఇరాక్ పౌరులు నేలకొరిగారు. 2014 జూన్‌లో మోసుల్ ఇస్లామిక్ స్టేట్ చేతికి చిక్కింది. ఇంత జరిగాక ఏ ప్రతిష్ఠ దక్కిందో చెప్పమనండి.

2003 జులైలో ఇరాక్‌కు సేనలను పంపమని అమెరికా కోరగా వాజ్‌పేయి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేనిదే పంపనన్నది. ఆ నిరాకరణ వల్ల మన మాటకు విలువ తగ్గలేదు.

పోయిన పరువు వెల ఎంతో తరువాత తెలిసింది. రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తబోతున్నదని 2022 ఆరంభంలో అమెరికా పదే పదే హెచ్చరించింది. ఈసారి చెప్పింది నిజమే. కాని ఎందరో 2003 నాటి సీసాను తలచుకొని పెదవి విరిచారు. ఫిబ్రవరి 24 తెల్లవారుజామున కీవ్‌పై క్షిపణులు పడ్డాయి.