తెర మీద మృదంగం ఎవరి చేతిలో ఉంది?

పౌరాణిక సినిమాల గురించి మనం మాట్లాడుకునేటప్పుడు పద్యాలు, డైలాగులు, నటన, సెట్టింగులు అన్నీ వస్తాయి. తెర మీద కనిపించే వాద్యాల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. వాటిని కూడా చూడాలని, ముఖ్యంగా అవి ఎవరి చేతుల్లో ఉన్నాయో చూడాలని నా అభిప్రాయం.

సిసిల్ బి. డెమిల్ తీసిన ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’ (1956) పేరు విననివాళ్ళు తక్కువ. ఆ సినిమాకు ఆధారమైన నిర్గమకాండంలో, సముద్రం దాటాక మోషే అక్క మిర్యాము వాద్యం చేతపట్టి పాడుతుంది. మిగిలిన స్త్రీలందరూ వాద్యాలతో, నాట్యంతో ఆమె వెంట వెళ్తారు. తెలుగు బైబిల్లో ఆ వాద్యం పేరు ‘తంబుర’. తంబుర అనగానే మనకు తోచేది శ్రుతి కోసం మీటే తీగలు. కానీ హీబ్రూ మూలంలో ఉన్న ‘తోఫ్’ గుండ్రటి చట్రానికి చర్మం బిగించి చేత్తో వాయించే వాద్యం. అంటే మన కంజీరకు దగ్గరిది. ఒక్క మాట మారేసరికి ఆడవాళ్ళ చేతిలోని చర్మవాద్యం తీగవాద్యమైపోయింది! అనువాదం చదువుకునే మనం దీన్ని గమనించవద్దా?

ఇక మన సినిమాల సంగతి. మన ఊళ్ళోనే తయారైన విజయావారి ‘జగదేకవీరుని కథ’ (1961)లో ‘శివశంకరీ’ పాట చూడండి. ఎన్.టి.ఆర్. ఒకేసారి అనేక రూపాల్లో కనిపిస్తారు. పాడేదీ ఆయనే, వీణ వాయించేదీ ఆయనే, మృదంగం వాయించేదీ ఆయనే. తమిళ ‘తిరువిళైయాడల్’ (1965)లో శివాజీ గణేశన్ కూడా అంతే. మగవాడికి అన్ని వాద్యాలూ వస్తాయి. రాకుమారికో, దేవకన్యకో మాత్రం ఎక్కువగా వీణే ఇస్తారు. అదీ అందంగా ఒళ్ళో పెట్టుకోవడానికే.

ఆ వీణ అంత పాతదీ కాదు. 24 మెట్ల వీణకు ఈ రూపం 17వ శతాబ్దంలో, తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో వచ్చిందంటారు. ఆయన మన తెలుగు కవే. అంతకు ఎన్నో శతాబ్దాల ముందటి వీణను చూడాలంటే ఎగ్మూరు మ్యూజియానికి వెళ్ళండి. అక్కడి అమరావతి శిల్పాల్లో వీణ విల్లులా వంగి ఉంటుంది. తమిళ మిత్రులు దాన్ని చూడగానే ‘యాళ్’ అంటారు.

కాలం తప్పినందుకు నేను సినిమావాళ్ళతో పేచీ పెట్టుకోను. ప్రేక్షకుడు గుర్తుపట్టాలి కదా! అనువాదకుడి ఇబ్బందీ అదే అయివుండొచ్చు. కానీ చేతులు మారిస్తే మాత్రం ఊరుకోను.

“ఆ రోజుల్లో ఆడవాళ్ళు మృదంగం వాయించారా?” అని అడుగుతారేమో. అశ్వఘోషుడి ‘బుద్ధచరితం’లో సిద్ధార్థుడు ఇల్లు విడిచే రాత్రి, వాయించి అలసిన స్త్రీలు నిద్రపోతుంటారు. ఒకామె మృదంగాన్ని కౌగిలించుకుని పడుకుని ఉంటుంది. అంత దూరం ఎందుకు, మన జంగం కథల్లో కథకుడు తంబుర మీటుతుంటే పక్కన భార్యలు గుమ్మెటలు వాయించేవారు. పుదుక్కోట్టై దగ్గర తిరుగోకర్ణంలో 1910లో పుట్టిన రంగనాయకి అమ్మాళ్ మృదంగ విద్వాంసురాలు. అంటే ఈ సినిమాలు తీసేనాటికే ఆమె ఉన్నారు. తెర మీదికే రాలేదు.

ఇది పాత సినిమాల గొడవ అని కొట్టిపారేయకండి. నేను మృదంగం నేర్చుకుంటానంటే మా ఇంట్లో ఏమన్నారో తెలుసా? “ఆడపిల్లవి, హాయిగా వీణ నేర్చుకోవే, సరస్వతీదేవిలా ఉంటావు” అన్నారు. వీణ అంటే నాకూ ఇష్టమే. అయితే సరస్వతి ఎలా ఉంటుందో మా ఇంట్లోవాళ్ళకు చెప్పింది గోడ మీది క్యాలెండర్లూ, సినిమాలే గదా!

అందుకే ఈసారి టీవీలో పౌరాణికం వస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆ వాద్యం ఏ కాలానిది? దాన్ని వాయిస్తున్నది ఎవరు? మొదటిదానికి జవాబు మ్యూజియంలోనో, మన లైబ్రరీలోనో దొరుకుతుంది. రెండోదాన్ని ఇంట్లో అందరి ముందూ, కాస్త గట్టిగానే అడగండి.